లాగితే తగ్గే నొప్పి, లాగకూడని మెడ

*మెడ నరం నొక్కుకుపోయినవారికి ట్రాక్షన్ ఎంతవరకు మేలు చేస్తుంది? నడకలో తూలు కూడా ఉంటే ముందుగా చూడాల్సింది ఏమిటి?*

గడ్డం కింద ఒక పట్టీ, తల వెనక మరొకటి. రెండూ కలిసేచోట కొక్కెం, కొక్కేనికి తాడు, కప్పీ మీదుగా వెళ్లిన ఆ తాడు చివర బరువు. పొద్దుగూకాక తెనాలిలో ఫిజియోథెరపీ క్లినిక్‌లోకి తొంగిచూస్తే తరచుగా కనిపించే దృశ్యమిది. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు మూసుకుని పావుగంట ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తుంటాడు. పక్క మంచం మీద ఇంకొకరి భుజానికి ‘కరెంటు’ పెడుతుంటారు. బయట బల్ల మీద బట్టలు కుట్టే దర్జీ, మిల్లులో బస్తాలు మోసే హమాలీ, బాపట్ల నుంచి బస్సులో వచ్చిన టీచరమ్మ, రేపల్లె రైలు దిగి వచ్చిన పెద్దాయన. చేతుల్లో ఎక్స్‌రే కవర్లో, ఎంఆర్‌ఐ కవర్లో ఉంటాయి. ఎవరిని కదిపినా ఒకటే మాట: మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట.

పేరు పిలవగానే దర్జీ చెయ్యి పట్టుకుని లేస్తాడు. పెద్దాయన గోడ పట్టుకుని లేస్తాడు. మొదటివాడిది నొప్పి. రెండోవాడిది తూలు. కాగితం మీద ఇద్దరికీ రాసింది ‘స్పాండిలోసిస్’ (మెడపూసల అరుగుదల) అనే. కానీ ఇద్దరి మెడనూ ఒకేలా లాగడం సరికాదు. ఆన్‌లైన్‌లో తలుపుకు తగిలించుకునే ట్రాక్షన్ కిట్లూ గాలి కొట్టే మెడపట్టీలూ తేలిగ్గా దొరుకుతున్నాయి. ఎలా లాగాలో చూపే వీడియోలకు కొదవ లేదు. ఎవరు లాగించుకోకూడదో చెప్పే మాటే సరిగా వినిపించడం లేదు.

పిల్లకాలవ, పెద్దకాలవ

మెడలో ఏడు పూసలుంటాయి. మెడలో రెండు వైపులా ఎనిమిది జతల నరాలు బయటికి వస్తాయి; వాటిలో కింది నరాలు భుజాలకు, చేతులకు వెళతాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తగా ఉండే డిస్క్ వయసుతో నీరు తగ్గి పల్చబడుతుంది. దాని అంచు ఉబ్బవచ్చు, చిట్లి లోపలి గుజ్జు బయటికి రావచ్చు. పూసల అంచులకు ముళ్లలా ఎముక పెరగవచ్చు. ఆ ఒత్తిడి పక్కకు పడితే చేతికి వెళ్లే నరం మొదలు నలుగుతుంది. వెనక్కి, నడిమికి పడితే వెన్నుపాము నలుగుతుంది.

ఈ తేడా కృష్ణా పశ్చిమ డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లకాలవ పూడితే ఆ కాలవ కింది మడి మాత్రమే ఎండుతుంది. పెద్దకాలవే పూడితే కింద శివారు దాకా నీళ్లుండవు. చేతి నరం నలిగితే బాధ ఆ చేతికే పరిమితం. వెన్నుపాము నలిగితే ఎక్కడో కింద ఉన్న కాళ్లు కూడా పట్టు తప్పుతాయి.

నలిగేవాటిలో ఎక్కువసార్లు కనిపించేవి ఏడో నరం, ఆరో నరం. ఆరోది నలిగితే సలుపు భుజం మీదుగా బొటనవేలి వైపు దిగుతుంది. ఏడోదైతే నడిమి వేలి దాకా లాగుతుంది. మెడ వెనక్కి వాల్చి నొప్పి ఉన్న వైపు తిప్పితే జివ్వుమంటుంది. చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. రాత్రిళ్లు అలాగే పడుకునేవాళ్లూ ఉన్నారు.

అమెరికాలోని రోచెస్టర్ పట్టణంలో 1976 నుంచి 1990 వరకు రికార్డులు తిరగేసి చేసిన అధ్యయనం ఈ జబ్బు గురించి ఇప్పటికీ ఎక్కువగా ఉదహరించేది. ఏటా లక్ష మందిలో సుమారు 83 మందికి కొత్తగా మెడ నరం నలుగుతున్నట్టు, 50–54 ఏళ్ల వయసులో అది ఎక్కువగా ఉన్నట్టు తేలింది. నాలుగో వంతు మందికి ఆపరేషన్ అవసరమైంది. చివరిసారి చూసేసరికి దాదాపు 90 శాతం మందికి బాధ పూర్తిగా పోయింది, లేదా కొద్దిగానే మిగిలింది. చెయ్యి పీకుతూ నిద్రపట్టని మనిషికి డాక్టరు ముందుగా చెప్పాల్సిన మాట ఇదే.

బరువు మోసిన మెడలు

ఈ ప్రాంతంలో మెడకు పని ఎక్కువ. ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. లారీ నుంచి మిల్లుకు, మిల్లు నుంచి గోదాముకు అది వీపు మీదో భుజం మీదో తల మీదో వెళుతుంది. నాట్లేసే ఆడవాళ్లు నడుం వంచి గంటలకొద్దీ మెడ పైకెత్తి ముందుకు చూస్తారు. కలుపు తీసేటప్పుడు మెడ కిందికే. దర్జీలు, బంగారం పనివాళ్లు, విగ్రహాలు చెక్కే శిల్పులు పనిమీదికి వంగి కూర్చుంటారు. ఇప్పుడు వీరందరి చేతుల్లోనూ ఫోన్ కూడా ఉంది.

తల మీద బరువు మోసేవారి మెడపూసల గురించి 1968లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎల్. ఎఫ్. లెవీ అనే వైద్యుడు ‘పోర్టర్స్ నెక్’ పేరుతో రాశారు. ఆఫ్రికాలో తల మీద బస్తా ఒక్కసారిగా పక్కకు ఒరిగినప్పుడు మెడకు తగిలే దెబ్బల సంగతి అందులో ఉంది. బరువు నిలకడగా ఉన్నప్పటికంటే జారినప్పుడే ప్రమాదం ఎక్కువ. తడి గట్టు మీద మోపుతో నడిచేవారికి ఇది తెలిసిన భయమే.

ట్రాక్షన్ చేసేదేమిటి

మెడను నిలువుగా లాగడం కొత్త వైద్యం కాదు. వెన్ను సరిచేయడానికి మనిషిని లాగే పద్ధతులు హిప్పోక్రటీస్ కాలం నుంచీ ఉన్నాయి. మెడపూస విరిగినప్పుడు పుర్రెకు పట్టకారు బిగించి బరువు వేలాడదీసే పద్ధతిని 1933లో క్రచ్‌ఫీల్డ్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చారు. అది ఆసుపత్రిలో, సర్జన్ కళ్లముందు జరిగేది. క్లినిక్‌లోని పట్టీ ట్రాక్షన్‌కు దానితో పోలిక లేదు.

పట్టీ ట్రాక్షన్‌లో జరిగేది చిన్న కదలిక. తగినంత బరువుతో లాగినప్పుడు పూసల మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. నరం బయటికి వచ్చే రంధ్రం కాస్త తెరుచుకుంటుంది. బిగుసుకున్న కండరం సడలుతుంది. తల బరువే దాదాపు 5 కిలోలు కాబట్టి కుర్చీలో కూర్చోబెట్టి 3 కిలోలు వేలాడదీస్తే పూస కదలదు. తల బరువు కొంత తేలికవుతుంది, అంతే. అందుకే పడుకోబెట్టి, మెడను 15–25 డిగ్రీలు ముందుకు వంచి, 4–5 కిలోలతో మొదలుపెట్టి, ఓర్చుకున్న కొద్దీ పెంచుతారు. పూసలు విడివడేందుకు 9 నుంచి 11 కిలోల వరకు కావాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. లాగి, కాసేపు వదిలి, మళ్లీ లాగే యంత్రాలతో సుమారు 15 నిమిషాలు చేస్తారు.

ఫలితం మాటేమిటి? 2008లో వచ్చిన కాక్రేన్ సమీక్ష అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, ట్రాక్షన్ పనిచేస్తుందని గానీ చేయదని గానీ గట్టిగా చెప్పలేమంది. 2014లో ఫ్రిట్జ్ బృందం చేతి నరం నలిగిన 86 మందిని మూడు గుంపులుగా చేసింది. ఒక గుంపు వ్యాయామం మాత్రమే చేసింది. రెండో గుంపు వ్యాయామంతో పాటు ఇంట్లో తలుపుకు తగిలించే ట్రాక్షన్ తీసుకుంది. మూడో గుంపుకు వ్యాయామంతో పాటు క్లినిక్‌లో యంత్రంతో ట్రాక్షన్ ఇచ్చారు. ఆరు నెలలకూ ఏడాదికీ చూస్తే యంత్రం మీద లాగించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు. వ్యాయామం అందరికీ ఉందన్నది ఇక్కడ మరిచిపోకూడదు. వ్యాయామం మానేసి ట్రాక్షన్ మాత్రమే నమ్ముకునేవారు ఆ అధ్యయనంలో లేరు. క్లినిక్‌ల బల్లల మీద మాత్రం వాళ్లే ఎక్కువ.

కాలర్ సంగతీ ఇంతే. నెదర్లాండ్స్‌లో 205 మందిపై జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, నొప్పి మొదలైన కొత్తలో మూడు నుంచి ఆరు వారాలు కాలర్ పెట్టుకున్నవారికి ఊరట త్వరగా వచ్చింది. ఆరు వారాల మందును ఆరు నెలలు వాడితే మెడ కండరాలు నీరసిస్తాయి.

> తలుపుకు కట్టేముందు
> దవడ కీలు నొప్పి ఉన్నవారికి గడ్డం పట్టీ పడదు. ఎముకలు బాగా గుల్లబారినవారు, కీళ్లవాతం చాలాకాలంగా ఉన్నవారు, మెడపూసకు టీబీ గానీ కణితి గానీ ఉండే అవకాశమున్నవారు, ఇటీవల దెబ్బ తగిలినవారు ట్రాక్షన్ పెట్టించుకోకూడదు. లాగుతుండగా చేతిలో తిమ్మిరి పెరిగినా, కళ్లు తిరిగినా, కాళ్లలో షాక్ కొట్టినట్టు అనిపించినా వెంటనే ఆపాలి. నొప్పి వేళ్ల నుంచి వెనక్కి, భుజం వైపు తగ్గుతూ వస్తే అది మంచి సూచన.

తూలుకు మెడ ఎంత కారణం

మనిషి నిటారుగా నిలబడటానికి మూడు చోట్ల నుంచి కబుర్లు అందాలి: కళ్లు, లోపలి చెవి, ఒంట్లోని కండరాలూ కీళ్లూ. కండరాల్లో మెడవి ప్రత్యేకం. తల అడుగున, మెడపైభాగంలో ఉండే చిన్న కండరాల్లో సాగుదలను కొలిచే తంతువులు చాలా దట్టంగా ఉంటాయి. తల ఒంటి మీద ఏ కోణంలో ఉందో అవే మెదడుకు చెబుతాయి.

1845లోనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త లాంజే జంతువుల మెడకండరాలు కోస్తే అవి తూలుతున్నట్టు గమనించారు. 1977లో డచ్ పరిశోధకులు మనుషుల మెడలో మత్తుసూది వేశారు. వాళ్లకు తాగినవాళ్లలా నడక తప్పింది. స్వీడన్‌లోని లుండ్‌లో 1995లో చేసిన పరీక్షల్లో మెడ నుంచి చేతికి నొప్పి దిగేవారు ఆరోగ్యవంతులకంటే నిలకడ తక్కువగా నిలబడినట్టు కనబడింది. మెడ నొప్పి వల్ల కొద్దిపాటి తూలు ఉండటం నిజమే. మెడ సడలి, కదలిక తిరిగివచ్చాక అది తగ్గడమూ నిజమే. ట్రాక్షన్ తర్వాత ‘తల తేలికైంది’ అనేవారి మాటలో అబద్ధం లేదు.

అయితే కళ్లు తిరిగే ప్రతివారికీ మెడ ఎక్స్‌రే తీసి, అరుగుదల చూపించి, పట్టీ కట్టడం మన ఊళ్లలో పాతుకుపోయిన అలవాటు. యాభై దాటిన వారి ఎక్స్‌రేలో అరుగుదల కనబడకపోతేనే వింత. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎంఆర్‌ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపించింది. ఫొటోలో ఉబ్బు ఉన్నంతమాత్రాన తూలుకు అదే కారణమని కాదు.

పక్క మీద ఒత్తిగిలినప్పుడు గది గిర్రున తిరిగి నిమిషం లోపే సద్దుమణిగితే, ఎక్కువసార్లు కారణం చెవిలో ఉంటుంది. లోపలి చెవిలోని సున్నపు రేణువులు తమ చోటు వదిలి అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారడం వల్ల అలా జరుగుతుంది. అమెరికన్ వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతిలో తలను వరసగా కొన్ని కోణాల్లోకి తిప్పితే రేణువులు వెనక్కి వెళతాయి. చాలామందికి ఒకటి రెండు సార్లతో తగ్గిపోతుంది. ఇలాంటివారి మెడకు నెలల తరబడి బరువులు కట్టడం డబ్బుకూ ఓపికకూ నష్టం. లేవగానే కళ్లు చీకట్లు కమ్మితే బీపీ మాత్రల మోతాదు చూడాలి. అరికాళ్లు దూది మీద నడిచినట్టుంటే షుగరు, బి12 పరీక్ష చేయాలి.

చెప్పు జారినా తెలియకపోతే

అన్నిటికంటే తీవ్రమైనది వెన్నుపాము నలగడం. ఇది చడీచప్పుడు లేకుండా వస్తుంది. నొప్పి ఉండాలని లేదు. చాలామందిలో మెడ అసలు నొప్పి పుట్టదు. అందువల్లే మెడ మీద అనుమానం రాదు.

మొదటి గుర్తులు ఇంట్లోనే కనిపిస్తాయి. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. చీర కుచ్చిళ్లు వేళ్లకు అందవు. పచ్చడి కలిపిన అన్నం ముద్ద నోటిదాకా వెళ్లేలోపు జారుతుంది. తాళం చెవి రంధ్రంలో పడదు. తర్వాత కాళ్లు. నడుస్తుంటే చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. వెనక వచ్చేవాళ్లు చెబితే చూసుకుంటారు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే ఒళ్లు ముందుకు పడబోతుంది. పగలు బాగానే నడిచే మనిషి చీకటిపడ్డాక గట్టు మీద నడవలేడు, కాలవ రేవు మెట్లు దిగలేడు. కళ్ల సాయం తీసేస్తే కాళ్ల కబురు సరిగా అందడం లేదని దీని అర్థం. కాళ్లు బిర్రబిగుసుకుని అడుగులు ఎడంగా పడతాయి. ఇంకా ముదిరితే మూత్రం ఆపుకోలేకపోతారు.

ఈ జబ్బును లార్డ్ బ్రెయిన్, నార్త్‌ఫీల్డ్, విల్కిన్‌సన్ అనే బ్రిటిష్ వైద్యులు 1952లో వివరంగా రాశారు. డెబ్బై ఏళ్లు దాటినా గుర్తించడంలో ఆలస్యం పోలేదు. ఇజ్రాయెల్ పరిశోధకులు 2013లో లెక్క చూస్తే మొదటి లక్షణానికీ రోగనిర్ధారణకూ మధ్య సగటున రెండేళ్లకు పైనే పట్టింది. చాలామందికి మొదట మణికట్టు దగ్గర నరం నొక్కుకుందని వైద్యం చేశారు. కోస్తా పల్లెలో ఆ రెండేళ్లు ‘వయసైపోయింది, అందుకే తూలుతున్నాడు’ అన్న ఒక్క మాటతో గడిచిపోతాయి. తల్లిదండ్రుల విషయంలో ఆ మాట అనడం ఎంత తేలికో, దాని ఖరీదు అంత ఎక్కువ. నలిగిన వెన్నుపాములో కొంత భాగం చచ్చిపోయాక దాన్ని తిరిగి తెచ్చే మందు లేదు.

ఇలాంటి మెడను అంచనా లేకుండా లాగడం, తిప్పడం ప్రమాదం. సెలూన్‌లో జుట్టు కత్తిరించాక తల పట్టుకుని చటుక్కున మెడ విరవడం ఇంకా ప్రమాదం. ఆ తిప్పుడుకు మెడ రక్తనాళం లోపలిపొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో నమోదయ్యాయి. ‘టప్’మని శబ్దం వస్తే హాయిగా ఉంటుంది కాబట్టి ఆ అలవాటు పోవడం లేదు. మెడ విరవనివ్వకపోతే కత్తిరింపు పని ఏమీ తగ్గదు.

> పది సెకన్ల పరీక్ష
> చెయ్యి ముందుకు చాపి, గుప్పిట గట్టిగా మూసి పూర్తిగా తెరవాలి. 10 సెకన్లలో ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి 20 సార్లకు తగ్గకుండా చేయగలడు. జపాన్ వైద్యుడు ఓనో బృందం 1987లో దీన్ని వెలుగులోకి తెచ్చింది. లెక్క బాగా తగ్గినా, వేళ్లు పూర్తిగా విచ్చుకోకపోయినా చూపించుకోవాలి. రెండోది: మడమకు వేళ్లు తగిలేలా అడుగులో అడుగు వేస్తూ గోడ పక్కన పది అడుగులు నడవడం. పక్కన ఒక మనిషి ఉండాలి. ఇవి అనుమానం పుట్టించే పరీక్షలే. జబ్బు ఉందా లేదా తేల్చేది డాక్టరు.

పక్క జిల్లా చెప్పిన పాఠం

వెన్నుపాము నలిగి నడక పోవడం అంటే తెలుగు వైద్యులకు పుస్తకాల్లో చదివిన సంగతి మాత్రమే కాదు. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, తాగేనీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు గట్టిపడి మనుషులు వంగిపోతున్నట్టు షార్ట్, ఆయన సహచరులు ప్రకటించారు. ఆ జిల్లాలో అప్పుడున్న పొదిలి, దర్శి, కనిగిరి తర్వాత ప్రకాశంలోకి వచ్చాయి. 1955లో నల్గొండ నుంచి సిద్దిఖీ అలాంటి నివేదికే ఇచ్చారు. ఈ ఊళ్లలో వెన్నుపూసలను కలిపి పట్టే లోపలి బంధనాలు (లిగమెంట్లు) ఎముకగా మారి, వెన్నుపాము ఉండే కాలవ ఇరుకై, మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోయేది. కాళ్లు బిగుసుకుని, మంచానపడేవారు. హైదరాబాద్ నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ నరాల దెబ్బను ఏళ్ల తరబడి అధ్యయనం చేసి రాశారు. కృష్ణ కాలవ నీళ్లు పారే తెనాలి, రేపల్లె డెల్టాకు ఈ బెడద లేదు. కానీ అలాంటి ఊళ్లలో పుట్టి పెరిగి, కూలికో పెళ్లయ్యో ఇటు వచ్చినవారి మెడ చూసేటప్పుడు పుట్టినూరు అడగడం అవసరం. ఫ్లోరోసిస్‌లో గట్టిపడ్డ మెడను బరువులు కట్టి లాగడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఎక్కడికి, ఎప్పుడు

చేతి నొప్పి మాత్రమే ఉంటే కొన్ని వారాలు మందులు, వ్యాయామం, కావాలంటే ట్రాక్షన్. ఇది తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో అర్హత ఉన్న ఫిజియోథెరపిస్టు దగ్గర జరిగే పనే. ఆరు వారాలకూ తగ్గకపోయినా, చేతిలో బలం తగ్గుతున్నా ఎంఆర్‌ఐ తీయించాలి. నడకలో తూలు, వేళ్ల తడబాటు, మూత్రం ఇబ్బంది ఏది తోడైనా వారాలు ఆగకూడదు. ముందు ఎంఆర్‌ఐ, ఆ తర్వాతే మెడ మీద చెయ్యి. మోకాలి దగ్గర సుత్తితో కొట్టి చూడని, కళ్లు మూయించి నిలబెట్టి చూడని చోట తూలే మనిషి మెడకు పట్టీ కట్టనివ్వకూడదు. ఆ రెండు పరీక్షలకూ పట్టేది రెండు నిమిషాలు.

న్యూరాలజీ, న్యూరోసర్జరీ విభాగాలున్న గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి తెనాలికి 25 కిలోమీటర్లు. బాపట్లకు దాదాపు 50, రేపల్లెకు 60 పైమాటే. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. తూలే మనిషికి ఆ ప్రయాణమే ఒక గండం. తోడు లేకుండా బస్సు మెట్టు ఎక్కించకూడదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. న్యూరోసర్జరీ ఆపరేషన్లకు అది వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని సహాయకుల దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి.

వెన్నుపాము నలగడం మధ్యస్థంగా గానీ తీవ్రంగా గానీ ఉంటే ఆపరేషన్ చేయాలని 2017 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్వల్పంగా ఉంటే ఆపరేషన్, లేదా దగ్గరుండి గమనిస్తూ ఫిజియోథెరపీ. గొంతు ముందు నుంచి వెళ్లి డిస్క్ తీసి పూసలు కలపడం 1950ల నుంచీ ఉన్న పద్ధతి. చాలాచోట్ల ఇరుకుంటే వెనక నుంచి వెన్నుపాము కాలవను వెడల్పు చేస్తారు. అది జపాన్‌లో 1970ల్లో రూపుదిద్దుకుంది. ఆపరేషన్ ముఖ్యంగా చేసేది జబ్బును అక్కడితో ఆపడం. పోయిన పట్టు ఎంత తిరిగివస్తుందన్నది ఎంత త్వరగా చేశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ తర్వాత మళ్లీ ఫిజియోథెరపిస్టు పని. మొదట కుర్చీ వెనక పట్టుకుని రెండు పాదాలూ దగ్గరగా పెట్టి నిలబడటం, తర్వాత అడుగులో అడుగు, తర్వాత తల కదిలిస్తూ నడవడం, చివరికి మెత్తని పరుపు మీద నిలబడటం. ఈ దశల్లో తూలు తగ్గుతుంది. ఇంట్లో బాత్రూముకు పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగి ఉండే చిన్న దీపం, వెనక పట్టీ ఉన్న చెప్పులు కావాలి. గట్టు మీదికి, రేవులోకి వెళ్లడం కొన్నాళ్లు మానుకోవాలి. ఆపరేషన్ తర్వాత వచ్చే మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపే వస్తుంది.